నడిచిన కాళ్లు, దంచిన చేతులు

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద దాడులు. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర, వారి వెంట వందల మంది మన్యం బిడ్డలు. చేజిక్కిన తుపాకులు 26 అని పిల్లలకు కూడా తెలుసు. ఆ మూడు ఊళ్ల నడుమ ఉన్న దారి గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. చింతపల్లి కొండ మీది ఊరు, కృష్ణదేవిపేట కొండ దిగువది. నడి వానాకాలం, గెడ్డలు పొంగే రోజులు. అడవి దారిన దిగి ఒక ఊరు, తెల్లారేసరికి మళ్లీ ఇంకో ఊరు. అలా నడిచినవాళ్లు తర్ఫీదు పొందిన సిపాయిలు కారు. పోడు కొట్టుకుని, అంబలి తాగి, నెత్తిన మూటతో సంతకు వెళ్లొచ్చే మామూలు జనం.

1924 మే 7న కొయ్యూరు దగ్గర బ్రిటిష్ వాళ్లు కాల్చి చంపిన తరువాత సీతారామరాజు భౌతికకాయానికి అంత్యక్రియలు జరిగింది ఈ కృష్ణదేవిపేటలోనే. అప్పటికి ఆయనకు ఇరవయ్యారేళ్లు. ఆయన పుట్టిన జూలై 4న, కన్నుమూసిన మే 7న ఆ సమాధి మీద పూలు పడతాయి. మిగతా రోజుల్లో నర్సీపట్నం నుంచి వచ్చే యాత్రికులు ఆగి, చెప్పులు విప్పి, దండం పెట్టి, ఫొటో తీసుకుని కొండల వైపు సాగిపోతారు. ఆ వీరుడి ధైర్యం గురించి, త్యాగం గురించి మనం ఎన్ని సభల్లోనో విన్నాం. ఆ ధైర్యాన్ని మోసిన ఒళ్లు ఎలాంటివి, వాటికి ఆ సత్తువ ఏ తిండి వల్ల, ఏ పని వల్ల వచ్చింది అన్న సంగతి కూడా ఒకసారి ఆలోచించదగిందే. ఇవాళ మన ఊళ్లలో నలభై దాటకుండానే బీపీ మాత్ర, షుగర్ మాత్ర మంచం పక్కకు చేరుతున్నాయి కనుక ఈ ఆలోచన మరీ అవసరం.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఆ కాలపు కష్టాన్ని పొగడటం ఈ రాత ఉద్దేశం కాదు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి గొడ్డుచాకిరీ చేయించాడు. పితూరీ, అంటే ఆ మన్యం తిరుగుబాటు, రాజుకోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. ఈనాటికీ మన్యంలో గర్భిణిని డోలీ కట్టి మోసుకురావలసిన గూడేలు ఉన్నాయి. ఆ డోలీ మోసేవాళ్లకు నడక ఆరోగ్యమని బోధించబోవడం అన్యాయం. వాళ్లకు కావలసింది రోడ్డు, అంబులెన్సు, దగ్గర్లో డాక్టరు. ఈ మాటలు రోడ్డు వచ్చిన ఊళ్లకు, రోడ్డుతోపాటు ఆటో, మోటార్ సైకిలు ఇంటి ముందుకు వచ్చిన మనబోటి వాళ్లకు.

రోడ్డు పట్టుకుని పట్నం చేరితే ఒళ్లు ఎలా మారుతుందో చూసిన పరిశోధన మన దేశంలోనే జరిగింది. హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్, లక్నో నగరాల్లో కర్మాగారాలకు పనికి వచ్చి స్థిరపడిన పల్లెవాళ్లను, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే రక్తం. పట్నం చేరిన అన్నదమ్ముల్లో మధుమేహం ఊళ్లో మిగిలినవాళ్ల కంటే రెట్టింపుకు పైగా కనబడింది. 2010లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. వంశంలో ఉందండీ, ఏం చేస్తాం అని చేతులెత్తేసే ముందు ఈ అన్నదమ్ముల్ని తలుచుకోవాలి. ఆ తరువాత పదమూడేళ్లకు, 2023లో, భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా చేసిన సర్వే లెక్కలు వచ్చాయి. పదికోట్ల మందికి పైగా మధుమేహులు. పెద్దవాళ్లలో నూటికి 35 మందికి రక్తపోటు. పట్నం ఇప్పుడు పల్లెకే నడిచి వచ్చింది. కృష్ణదేవిపేటలోనూ కిరాణా కొట్టు గుమ్మానికి చిప్స్ పొట్లాల దండలు వేలాడుతూనే ఉంటాయి.

రోజూ చేసే ఒక చిన్న పని, దాన్ని ఎవరూ పట్టించుకోకపోయినా, ఒక ప్రాంతం ప్రాంతాన్నే మంచాన పడేయగలదని ప్రపంచానికి తెలియడంలో మన ఉత్తర కోస్తాకు చోటుంది. అది బెరిబెరి కథ. తెలుగువాళ్లం దాన్ని దాదాపు మరిచిపోయాం.

వందేళ్ల కిందట బ్రిటిష్ ఇండియాలో బెరిబెరి అంటే ముఖ్యంగా ఉత్తర సర్కారుల జబ్బు. విశాఖపట్నం, గోదావరి తీరపు జిల్లాల జబ్బు. ముందు పాదాల్లో తిమ్మిరి. తరువాత పిక్కలు పట్టు తప్పడం, లేచి నిలబడబోతే కాళ్లు తేలిపోవడం, కొందరికి ఒళ్లంతా నీరు పట్టి గుండె ఆగిపోవడం. తిండి లేని నిరుపేదలకు రావలసిన జబ్బులా కనబడుతుంది గానీ, కడుపునిండా తెల్లన్నం తినేవాళ్లకే వచ్చేది. కారణం బియ్యం మర. రోకటితో దంచిన బియ్యానికి తవుడు కొంత అంటుకుని ఉంటుంది. మర తిప్పి, మెరుగు పట్టిన బియ్యంలో తవుడు పూర్తిగా పోతుంది. దాంతోపాటు బి1 విటమిన్ చాలా భాగం పోతుంది. మిగిలిన కాస్తా మూడుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే పోతుంది. ఇదే దేశంలో ఉప్పుడు బియ్యం తినేవాళ్లకు ఈ జబ్బు రాలేదు. వడ్లను ముందే ఉడకబెట్టి ఆరబెట్టడం వల్ల తవుడులోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తరువాత మరలో ఆడించినా కొంత నిలుస్తుంది.

జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు కోళ్లకు తెల్లన్నం పెట్టి వాటి కాళ్లు పడిపోవడం అంతకు ముందే చూశాడు. ఆ పనికే 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన వైపు ఈ జబ్బు మూలాలు వెతకడానికి రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు 1918లో నీలగిరుల్లోని కూనూరులో చిన్న ప్రయోగశాల తెరిచాడు. దాని పేరే బెరిబెరి విచారణ. ఆ చిన్న గది పెరిగి పెరిగి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, ఈనాడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. దేశమంతటికీ ఏం తినాలో చెప్పే సంస్థకు మన తీరపు జిల్లాల పళ్లెంలోని తెల్లన్నంతో అంత దగ్గరి చుట్టరికం.

మందుతో గానీ, మహా సంకల్పంతో గానీ సంబంధం లేకుండా, పూట పూటకూ చేసే ఒక మామూలు పని మారితే చాలు, ఒళ్లు కూలుతుంది, ఒళ్లు నిలుస్తుంది. బెరిబెరి రోజుల్లో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. మర వచ్చింది, ఆడవాళ్ల రెక్కలకు కాస్త విశ్రాంతి దొరికింది, అన్నం మల్లెపువ్వులా తెల్లబడింది. ఆ విశ్రాంతి ఎంతైనా న్యాయమైనదే. రోలూ రోకలీ మళ్లీ ఆడవాళ్ల చేతికివ్వాలని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు. పోయింది ఏమిటో తెలుసుకుని, దాన్ని వేరే దారిన తెచ్చుకోవడమే తెలివైన పని. మరాడించేటప్పుడు ఒక్క పట్టు తక్కువ పట్టమని మిల్లువాడికి చెప్పవచ్చు. గంజి పారబోయకుండా అత్తెసరు పెట్టవచ్చు.

2024 మే 8న జాతీయ పోషకాహార సంస్థ భారతీయులకు 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. దేశంలోని జబ్బుల భారంలో 56.4 శాతం సరైన తిండి లేకనే అని అందులో ఉంది. తిండి ద్వారా మనకు అందే శక్తిలో 50 నుంచి 70 శాతం బియ్యం, గోధుమ వంటి ధాన్యాల నుంచే వస్తోందని, దాన్ని 45 శాతానికి తగ్గించమని, పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని చెప్పింది. తెలుగిళ్లలో కూర అన్నానికి తోడు. ఈ సూత్రాల ప్రకారం అన్నమే కూరకు తోడు కావాలి. పప్పు పలచనా చిక్కనా అన్నది కూడా ఆలోచించాలి. గరిటెడు నీళ్లపప్పుతో గుట్టెడు అన్నం లాగించే అలవాటు మనలో చాలామందిది.

మన్యం అంచున ఉన్న ఈ ఊళ్లకు ఇంకో తిండి ఉంది. చోళ్లు అంటే రాగులు, సామలు, గంటెలు అంటే సజ్జలు. చోడి అంబలి చేసే తీరు చూడండి. రాత్రి చోడి పిండిని నీళ్లలో కలిపి కుండలో మూతపెట్టి ఉంచుతారు. పొద్దుటికి అది పులిసి, పైన సన్నని నురగ కట్టి, పుల్లని వాసన వేస్తుంది. వేరే గిన్నెలో నూకలు మెత్తగా ఉడికాక ఆ పులిసిన పిండిని పోసి, ఉండకట్టకుండా తెడ్డుతో కలియబెడుతూ ఉడికిస్తారు. చల్లారాక మజ్జిగ, ఉప్పురాయి, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఆ రాత్రంతా నానడం, పులవడం ఊరికే జరగడం లేదు. గింజల్లో ఖనిజాలను పట్టి ఉంచే పదార్థం పులిసినప్పుడు కొంత విడిపోయి, ఇనుము, కాల్షియం ఒంటికి తేలిగ్గా పడతాయి. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మరపట్టిన బియ్యంలో పది కూడా ఉండదు. నడివయసు ఆడవాళ్ల మోకాళ్లు, నడుములు తలుచుకుంటే ఇది చిన్న లెక్క కాదు.

చోడి జావ తాగితే షుగర్ పోతుందన్న ప్రచారాన్ని మాత్రం నమ్మకూడదు. మెత్తగా ఆడించి జావ కాచిన ఏ పిండయినా రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది. చోళ్లయినా అంతే. బియ్యం స్థానంలో కొంత చోడి తోప, కొంత సామల అన్నం తినడం మేలు. పెద్ద చెంబుడు జావ అన్నానికి అదనంగా తాగడం మేలు కాదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత వీటికి పట్నంలో గిరాకీ పెరిగింది, ధరా పెరిగింది. మన్యంలో పండించేవాళ్లు పండినదంతా అమ్మి, రేషను బియ్యం మాత్రమే తినే పరిస్థితి రాకూడదు.

ఉప్పు గురించి ఒక్క మాట చాలు. రోజుకు ఐదు గ్రాములు, అంటే అన్నింటికీ కలిపి ఒక చిన్న చెంచాడు. ఆవకాయ, ఎండుచేప, అప్పడం, వడియం ఒకే పూట పళ్లెంలో చేరితే ఆ చెంచా అక్కడే నిండుతుంది. నాలుగింటిలో ఒకటి చాలు.

ఇక నడక. 1940ల చివర లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు రెండంతస్తుల బస్సుల మీద ఒక పరిశోధన మొదలుపెట్టాడు. ఒకే బస్సులో రోజంతా కూర్చుని నడిపే డ్రైవరు, టికెట్లు కొడుతూ మెట్లెక్కి దిగే కండక్టరు. ఒకే ఊరు, ఇంచుమించు ఒకే జీతం. గుండెపోట్లు డ్రైవర్లకే ఎక్కువగా వచ్చాయి, వచ్చినప్పుడు ప్రాణం తీసినవీ వాళ్లకే ఎక్కువ. 1953లో ఇది అచ్చయ్యేదాకా వ్యాయామానికీ గుండెకూ ఇంత సంబంధం ఉందని వైద్యులే గట్టిగా అనుకోలేదు. ఆ కండక్టర్లెవరూ ఆరోగ్యం కోసం మెట్లెక్కలేదు. ఉద్యోగం ఎక్కించింది.

అమెరికాలో డల్లాస్‌లో 1966లో ఇంకో ప్రయోగం జరిగింది. ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. ముప్పయ్యేళ్ల తరువాత అదే ఐదుగురిని మళ్లీ పిలిచి పరీక్షిస్తే, మూడు దశాబ్దాల వయసు వాళ్ల ఒంటి సత్తువను ఎంత తగ్గించిందో, ఆ మూడు వారాల మంచం అంతకంటే ఎక్కువ తగ్గించిందని తేలింది. జ్వరం తగ్గాక కూడా మరో వారం పడుకోబెట్టడం, మోకాలు నొప్పి అని పెద్దాయన్ని కుర్చీకే అంటిపెట్టడం మన ఇళ్లలో ప్రేమ కింద లెక్క. డాక్టరు వద్దన్న సందర్భాలు వదిలేస్తే, అమ్మనూ నాన్ననూ లేపి రెండడుగులు వేయించడమే వాళ్లకు చేసే మేలు.

పదివేల అడుగులు అనే లెక్క అందరి నోటా ఉంది. అది ఏ వైద్యుడూ నిర్ణయించింది కాదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే చిన్న యంత్రాన్ని అమ్మడానికి పెట్టిన అంకె. సగటున 72 ఏళ్ల వయసున్న దాదాపు 17 వేల మంది అమెరికా మహిళలను పరిశీలించి 2019లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 అడుగులు వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనబడలేదు. పదివేలు చేరలేక మొదటి వారంలోనే విరమించేవాళ్లకు ఇది మంచి కబురు. పాలకేంద్రానికి, బడికి, కొట్టుకు, గుడికి నడిచి వెళ్తే నాలుగు వేలు తేలిగ్గా పడతాయి. బండి తాళం మేకుకే ఉండనివ్వాలి, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కొలత కూడా అందరికీ అందేదే. వారానికి 150 నిమిషాల చురుకైన నడక. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం రావాలి.

మధుమేహం ఉన్నవాళ్లకు, దాని అంచున ఉన్నవాళ్లకు నడిచే వేళ కూడా ముఖ్యమే. అన్నం తిన్న గంటలోపు రక్తంలో చక్కెర పెరుగుతుంది. అప్పుడే కాళ్ల కండరాలు కదిలితే, ఇన్సులిన్ కోసం అంతగా ఎదురుచూడకుండానే ఆ చక్కెరను లాగేసుకుంటాయి. పొద్దున్నే ఒకేసారి ముప్పావుగంట నడిచిన దానికంటే, మూడు పూటలా తిన్నాక పావుగంట చొప్పున నడిస్తే రాత్రి భోజనం తరువాతి చక్కెర ఎక్కువగా అదుపులో ఉన్నట్టు పెద్ద వయసువాళ్ల మీద చేసిన ఒక చిన్న పరిశోధన 2013లో చూపింది. తిని నూరడుగులు వేయమని పెద్దలు అనేవారు. నూరు చాలవు, వెయ్యి వేయాలి. దారి మాత్రం వాళ్లు చెప్పిందే. మనం తినగానే టీవీ ముందు, ఫోను ముందు ఒరుగుతున్నాం. పైగా తొమ్మిదిన్నరకు, పదికి తింటున్నాం. పొద్దుగూకాక దీపం వెలుగులో తినేసి పడుకున్న తరం చేతిలో ఫోను లేదు, వాళ్లకు ఏడు గంటల నిద్రకు ఎవరూ సలహా ఇవ్వాల్సిన అవసరమూ లేకపోయింది.

నడక ఒక్కటే చాలదు. దంచిన చేతులకు, మోసిన భుజాలకు ఉన్న కండ మన దగ్గర కరిగిపోతోంది. నడివయసు దాటాక ఏటా కొంత కండ తగ్గుతూ పోతుంది, దానితోపాటు చక్కెరను దాచుకునే చోటూ తగ్గుతుంది. అందుకే వారానికి రెండు రోజులైనా బరువు పని చేయమంటున్నారు. దీనికి జిమ్ము అక్కర్లేదు. ఒంట్లో బలం ఎంత మిగిలిందో ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడవచ్చు. చాప వేసుకుని, మఠం వేసి కూర్చోండి. ఇప్పుడు చెయ్యి నేలకు గానీ, మోకాలికి గానీ, గోడకు గానీ ఆన్చకుండా లేవండి. చాలామందికి ముందు కుడిచెయ్యి తనంతట తానే చాప మీదికి పోతుంది, తరువాత ఒక మోకాలు వంగి నేలను తాకుతుంది, ఆపైన ఒక మూలుగు. బ్రెజిల్‌లో 51 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న రెండు వేల మంది చేత ఇదే చేయించి, ఆరేళ్లకు పైగా గమనించారు. ఆసరా లేకుండా లేవగలిగినవాళ్లలో మరణాలు చాలా తక్కువ. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. లేవడం ఆయుష్షును పెంచదు. కాళ్ల బలం, నడుము వంపు, ఒంటి నిలకడ మూడూ సరిగా ఉన్నాయా లేదా అన్నది బయటపెడుతుంది. డైనింగ్ టేబుల్ రాకముందు మన తాతలు రోజుకు మూడు పూటలా పీట మీద కూర్చుని లేస్తూ ఈ పరీక్ష నెగ్గుతూనే ఉన్నారు. మోకాళ్లు బాగున్నవాళ్లు రోజుకు ఒక్క పూటైనా కింద కూర్చుని తినడం మంచి అలవాటు. మోకాళ్లు అరిగినవాళ్లు కుర్చీలోంచి చేతులు కట్టుకుని పదిసార్లు లేచి కూర్చున్నా మేలే.

మానవలసిన అలవాట్లు కూడా ఉన్నాయి. సీతారామరాజు మన్యంలో గూడెం గూడెం తిరిగి చెప్పిన మొదటి మాటల్లో తాగుడు మానమన్నది ఒకటి. కోర్టులకు పోకుండా పంచాయతీల్లో తగవులు తీర్చుకోమన్న మాటతో కలిపే ఆయన దీన్ని చెప్పారు. మద్యానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. ఆయన జయంతి నాడు దండ వేసి, ఆ సాయంత్రమే సీసా విప్పేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పొగాకు విషయంలో ఉత్తరాంధ్రకు ఇంకా బాధాకరమైన అలవాటు ఉంది. అడ్డపొగ. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. ముఖ్యంగా ఆడవాళ్లలో ఎక్కువ. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లబడి, పుండు పడి, కొందరికి క్యాన్సర్‌గా మారుతుంది. పది వేల మందికి పైగా పల్లెజనం అంగిళ్లను పరీక్షించి పిండ్‌బోర్గ్, ఫాలీ మెహతా తదితరులు 1971లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని ప్రపంచానికి తెలిపింది. దాని తరువాత జరిగిన పని ఇంకా గొప్పది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ దంత పరిశోధకులు శ్రీకాకుళంతో కలిపి మూడు జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్ల ఇళ్లకు ఏటేటా వెళ్లారు. నోళ్లు చూశారు, నచ్చజెప్పారు, మళ్లీ వచ్చారు. కొందరు మానేశారు, ఇంకా ఎందరో తగ్గించారు. నోటి మచ్చలు తగ్గుముఖం పట్టాయి.

అక్షరం రాని ముసలమ్మలు ముప్పయ్యేళ్ల చుట్ట అలవాటు మానగలిగారంటే దాని వెనక ఉన్నది భయపెట్టే బొమ్మ కంటే, ఏటేటా గుమ్మంలోకి వచ్చి పేరుపెట్టి పలకరించిన మనిషి అని నా నమ్మకం. ఈనాడు మన ఊళ్లలో ఆ మనిషి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. వాళ్ల చేత ఫారాలు నింపించడం తగ్గించి, ఇంటింటా కూర్చుని మాట్లాడే తీరిక ఇవ్వాలి. బీపీ చూడటానికి వచ్చినప్పుడు, మాకేం లేదులే అమ్మా, వెళ్లిరా అని గుమ్మంలోంచే పంపేయకుండా లోపలికి పిలిచి, చెయ్యి చాచాలి. రక్తపోటు ఏళ్ల తరబడి ఏ బాధా పెట్టకుండానే పెరుగుతుంది కనుక, బాధ లేకపోవడం లెక్కలోకి రాదు.

అలవాటు కుదరడానికి 21 రోజులు చాలని చాలామంది చెబుతుంటారు. లండన్‌లో 96 మంది మీద చేసి 2010లో అచ్చయిన పరిశోధనలో సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజుల్లోనే కుదిరితే, నిదానంగా సాగినవాళ్లకు 254 రోజులు పడుతుందని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా చెడిపోయిందేమీ లేదు. వాళ్లంతా కొత్త పనిని ఒక పాత పనికి ముడివేసుకున్నారు. ఫలానా వేళకు అనుకోవడం కంటే, ఫలానా పని అవగానే అనుకుంటే గుర్తుండటం తేలిక. రాత్రి పళ్లెం కడిగి బోర్లించగానే చెప్పులు వేసుకోవడం అలాంటిదే. సంక్రాంతికి పెట్టుకున్న పెద్ద ఒట్లు కనుమ దాటకుండానే పోవడం మనకు తెలియనిది కాదు.

ఇందులో మనిషి చేయగలిగినది కొంతే. చీకటి పడ్డాక ఆడవాళ్లు నడవాలంటే వీధి దీపం వెలగాలి. రోడ్డు అంచున లారీకి జాగా ఉండి మనిషికి లేకపోతే ఎవరు నడుస్తారు? ఎండలో బడికి నడిచే పిల్లలకు దారి పొడవునా చెట్టు నీడ కావాలి. కృష్ణదేవిపేటలోనే కాదు, మన్యం దారిలోని ఏ పంచాయతీలోనైనా ఒక కిలోమీటరు మేర దీపాలు, చదునైన అంచు, కూర్చోవడానికి రెండు అరుగులు ఏర్పాటు చేస్తే, అది ఒక ఆసుపత్రి వార్డంత పని చేస్తుంది. కృష్ణదేవిపేటలో ఆ దారిని అల్లూరి సమాధి దాకా వేస్తే ఊరికి అందం, అక్కడికి వచ్చేవాళ్లకు మర్యాద. గ్రామసభలో ఈ మాట అడగండి. రోడ్డు అడిగే ఊళ్లతో పాటు, రోడ్డు వచ్చిన ఊళ్లు అడగవలసినది ఇది.

అది మంజూరయ్యేదాకా ఆగకండి. ఈ రాత్రి ఒక అరగంట ముందే అన్నానికి కూర్చోండి. తిన్నాక ఫోను ఇంట్లో పెట్టి, ఇంట్లో ఉన్న పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లండి. వీధి చివరిదాకా వెళ్లి రండి. రేపు కూడా వెళ్లండి.